గుర్రానికి గేదె లెక్క పనికిరాదు: మేత, కడుపునొప్పి, గాయాల సంగతి

నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో ఏ ఊరికి వెళ్లినా ఒంగోలు ఎద్దు గురించి, పాడి గేదె గురించి సాధికారంగా చెప్పగల పెద్దలు దొరుకుతారు గానీ, గుర్రం గురించి తెలిసినవారు అరుదు. అందువల్ల పెళ్లి ఊరేగింపుల కోసమో, సవారీ కోసమో గుర్రాన్ని కొనుక్కున్నవారికి అందే సలహాలన్నీ పశువుల పాకలో పుట్టినవే అయి ఉంటాయి. వాటిలో కొన్ని గుర్రం ప్రాణం మీదికి తెస్తాయి.

గేదె నెమరు వేస్తుంది. దాని పొట్టలో నాలుగు గదులుంటాయి. గుర్రానిది ఒకే ఒక చిన్న పొట్ట. గడ్డిలోని పీచు ఆ పొట్టను దాటి పెద్ద పేగులోకి చేరాక అక్కడ పులిసి అరుగుతుంది. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. కాబట్టి గడ్డిని రోజంతా కొద్దికొద్దిగా తినడమే దానికి సహజం. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తొట్టి నింపి మధ్యలో ఖాళీ కడుపుతో కట్టివేస్తే పొట్టలో పుండ్లు పడతాయి. దాణా ఒకేసారి ఎక్కువగా పెడితే అరగని పిండిపదార్థం పెద్ద పేగులోకి జారి, కడుపునొప్పికో, గిట్ట లోపలి వాపుకో దారి తీస్తుంది.

సుమారు 250 కిలోల గుర్రానికి రోజుకు ఎండు లెక్కన 5 కిలోల మేత కావాలి. అందులో కనీసం 4 కిలోలు గడ్డే ఉండాలి. పచ్చిగడ్డిలో మూడు వంతులకు పైగా నీరే కనుక, పచ్చిగడ్డి మీదే ఆధారపడితే దాదాపు 20 కిలోలు అవసరమవుతుంది. గరిక దొరికితే అంతకన్నా మంచి మేత లేదు. వేరుశనగ కట్టె కూడా మంచిదే, అయితే వేళ్లకు అంటిన మట్టిని బాగా దులిపి, బూజు లేదని చూసుకుని వేయాలి. పెన్నా ఆయకట్టులో చవకగా దొరికే వరిగడ్డిలో పోషకాలు తక్కువ. అది ఒక్కటే వేసి నీళ్లు చాలినంత పెట్టకపోతే పేగులో గడ్డకట్టి అడ్డుపడుతుంది.

తవుడు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. గేదెల కోసం పెంచే సూపర్ నేపియర్ వంటి గడ్డిలోని ఆక్సలేట్లు ఉన్న కాల్షియాన్ని కూడా ఒంటికి పట్టనివ్వవు. ఈ రెండూ కలిపి నెలల తరబడి పెడితే గుర్రం తన ఎముకలలోని కాల్షియాన్ని కరిగించుకుంటుంది. ముఖపు ఎముకలు రెండు వైపులా ఉబ్బుతాయి, కారణం తెలియని కుంటు మొదలవుతుంది. లూసర్న్ అనే పప్పుజాతి పచ్చిమేత కలపడం, వైద్యుడు చెప్పిన మోతాదులో సున్నపురాయి పొడి ఇవ్వడం దీనికి విరుగుడు.

ఉలవలు మన మెట్ట ప్రాంతపు పంటే కనుక గుర్రానికి వాటిని వాడుకోవచ్చు. నానబెట్టి, ఉడికించి, చల్లార్చి పెట్టాలి. పచ్చివి పెడితే సరిగా అరగవు. జొన్నలు పెట్టేటట్లయితే మరలో నలగ్గొట్టించాలి. అన్నీ కలిపి దాణా రోజుకు కిలో మించకుండా రెండు మూడు పూటలుగా పంచాలి. కొత్త మేతకు మార్చేటప్పుడు పది రోజుల పాటు కొద్దికొద్దిగా కలుపుతూ పోవాలి. పెళ్లివారు ప్రేమగా అందించే లడ్డూలను, పులిహోరను మర్యాదగానే నిరాకరించాలి. కోళ్ల దాణా బస్తాలను గుర్రానికి అందనంత దూరంలో ఉంచాలి, ఎందుకంటే వాటిలో కలిపే మోనెన్సిన్ వంటి మందులు గుర్రపు గుండెను దెబ్బతీస్తాయి. గన్నేరు కొమ్మలు, ఆముదపు గింజలు కూడా ప్రాణాంతకాలే. గేదెల మీద పిడుదులకు కొట్టే అమిట్రాజ్‌ను గుర్రానికి వాడితే పేగుల కదలిక స్తంభించిపోతుంది.

గుర్రం ముందుకాలితో నేల తవ్వుతూ, మాటిమాటికీ డొక్క వైపు చూస్తూ, పడుకుంటూ లేస్తూ, పొర్లుతూ ఉంటే అది కడుపునొప్పి. వెంటనే మేత తీసివేసి వైద్యునికి కబురు చేయాలి. ఆయన వచ్చేలోగా దవడ ఎముక కింది నాడిని చూడాలి. ఆరోగ్యంగా విశ్రాంతిగా ఉన్న గుర్రానికి అది నిమిషానికి 28 నుంచి 44 వరకు ఉంటుంది. 60 దాటితే పరిస్థితి తీవ్రమైనదని అర్థం. చిగుళ్ల రంగు, చివరిసారి లద్దె ఎప్పుడు వేసింది అన్నవి కూడా గుర్తుంచుకుని చెప్పాలి. ఎద్దుకు పోసినట్లు వెదురు గొట్టంతో నూనెగానీ కషాయంగానీ పోయడం మాత్రం ఎంతమాత్రం తగదు. అది ఊపిరితిత్తులలోకి పోతుంది.

మైపాడు, కొత్తపట్నం వంటి తీరపు ఊళ్లలో నేల మీద మేత వేస్తే గుర్రం ఇసుకను కూడా తింటుంది, అది పేగు అడుగున పేరుకుంటుంది. తాజా లద్దె ఉండలు ఐదారు గాజు సీసాలో వేసి, నీళ్లు పోసి కలిపి, కాసేపు కదపకుండా ఉంచాలి. పీచు పైకి తేలి అడుగున ఇసుక పొరగా నిలిస్తే ఇసుక లోపలికి పోతున్నట్లే. మేతను తొట్టిలోకి మార్చడమే మొదటి చికిత్స.

గాయమైతే ముందు శుభ్రమైన గుడ్డతో అదిమి రక్తం ఆపాలి. తరువాత కాచి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి, ధారగా పోసి కడగాలి. బూడిద, సున్నం, కిరోసిన్ పూయరాదు. మోకాలి కింది గాయాలలో చర్మం మూసుకోకముందే కండ పొంగుకొస్తుంది కనుక అవి చిన్నవిగా కనిపించినా వైద్యునికి చూపించాలి. కీలు దగ్గరి గాయం నుంచి జిగటగా పసుపు ద్రవం కారితే, అది ఆ రోజే చికిత్స జరగవలసిన గాయం. పెంపుడు జంతువులలో ధనుర్వాతానికి గుర్రమంత సులువుగా లోబడేది మరొకటి లేదు. నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో రెండు టీకాలు, ఆపై ఏటా ఒకటి వేయించాలి. గిట్టలో మేకు దిగినప్పుడు, వైద్యుడు త్వరగా రాగలిగితే దానిని పెరకకుండా ఉంచడం మేలు. ఎంత లోతుకు, ఏ వైపుకు దిగిందో ఆయనకు తెలుస్తుంది.

తీరపు ఉక్కలో కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే తగ్గిపోతుంది. రోహిణి కార్తె రోజులలో ఎండలో నడిచివచ్చి, చర్మం పొడిగా ఉండి, రొప్పుతున్న గుర్రాన్ని నీడకు చేర్చి, ఒళ్లంతా చన్నీళ్లు ఆగకుండా పోస్తూ ఉండాలి. తాగడానికి నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, రోజుకు 30 గ్రాముల ఉప్పు దాణాలో కలపాలి.

వానల తరువాత జోరీగలు కుట్టడం వల్ల సర్రా అనే రక్తంలోని పరాన్నజీవి జబ్బు వస్తుంది. జ్వరం వచ్చి పోతూ, పొట్ట కింద, కాళ్లకు నీరు దిగుతూ, గుర్రం చిక్కిపోతుంటే రక్తపరీక్ష చేయించాలి. ముక్కు నుంచి చిక్కటి చీమిడి, కాళ్ల మీద వరుసగా గడ్డలు కనిపిస్తే గ్లాండర్స్ అనే ప్రాణాంతక అంటువ్యాధిని అనుమానించాలి. అది మనుషులకూ సోకుతుంది. చట్టప్రకారం పశుసంవర్ధక శాఖకు తెలియజేయాలి. అత్యవసరంలో సంచార పశువైద్య సేవ నంబరు 1962కు ఫోన్ చేయవచ్చు. పెద్ద చికిత్స అవసరమైతే నెల్లూరువారికి తిరుపతి పశువైద్య కళాశాల, ఒంగోలువారికి గన్నవరం కళాశాల ఉన్నాయి. బయలుదేరే ముందే అక్కడ గుర్రాలకు ఏ చికిత్సలు చేయగలరో కనుక్కుని, బండి సిద్ధం చేసుకోవాలి.