వాంతులవుతున్న పాపకు ఓఆర్ఎస్ ఇలా పట్టించాం

మా పాపకు ఏడాదిన్నర. ఈమధ్య వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. గ్లాసుతో ఓఆర్ఎస్ (ఒంట్లో తగ్గిన నీటిని, లవణాలను భర్తీ చేసే పొడి కలిపిన నీళ్లు) తాగిస్తే వెంటనే కక్కేసేది. గ్లూకోజు నీళ్లు, కొబ్బరినీళ్లు, షాపులో అమ్మే తియ్యటి డ్రింకులు ఏవీ నిలవలేదు (చక్కెర ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయట కూడా). వైరస్ వల్ల వచ్చింది కాబట్టి యాంటీబయాటిక్ అక్కర్లేదన్నారు డాక్టరు గారు.

చివరికి పనిచేసింది చెంచా. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలిపాం. సగం సగం కలిపితే పాళ్లు తప్పుతాయి. తర్వాత నిమిషానికో, రెండు నిమిషాలకో ఒక్క టీ చెంచా, అంతే. దాహంతో గ్లాసు లాక్కోబోయినా ఇవ్వలేదు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాం. చేతులు నొప్పి పుట్టాయి, వంతులు వేసుకున్నాం. విరేచనం అయిన ప్రతిసారీ అదనంగా కొంచెం. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోశాం. తల్లిపాలు, మెత్తటి పెరుగన్నం ఆపలేదు. డాక్టరు గారు చెప్పినట్టు రోజుకు 20 మి.గ్రా. జింక్ 14 రోజులు వేశాం.

అందరు పిల్లలకూ ఇది సరిపోతుందని చెప్పలేను. కళ్లు లోపలికి పోయినా, మూత్రం రాకపోయినా, మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా చెంచాతో కూర్చోకండి, ఆసుపత్రికి వెళ్లండి. అన్నట్టు, పిల్లలకు 6, 10, 14 వారాల వయసప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోటావైరస్ (పిల్లల్లో విరేచనాలు తెచ్చే ఒక వైరస్) టీకా ఉచితంగా వేస్తారు. వేయించినా విరేచనాలు రావచ్చు గానీ, తీవ్రత తగ్గుతుంది.