ఇల్లు విడిచి హాస్టల్‌కి వెళ్లే క్రైస్తవ విశ్వాసికి: మొదటి నెలలోనే చేసుకోవాల్సిన ఏర్పాట్లు

ఇంటర్ అయ్యాక కాలేజీ హాస్టల్‌లో చేరినా, ఉద్యోగం వచ్చి అమీర్‌పేటలోనో మాదాపూర్‌లోనో పీజీలో దిగినా, విశ్వాసం చల్లారేది ఎవరో బలవంతపెట్టడం వల్ల కాదు. ఇంట్లో అమ్మ లేపితే ప్రార్థనకు కూర్చునేవాళ్లు. ఆదివారం ఇంటిల్లిపాదీ తయారవుతుంటే వాళ్లతో పాటు గుడికి (చర్చికి) వెళ్లేవాళ్లు. మనిషి బస్సెక్కాడు, ఆ ఏర్పాటు ఇంట్లోనే ఉండిపోయింది. కొత్త చోట దాన్ని మళ్లీ కట్టుకోవాలి, అదీ మొదటి నెలలోనే. రెండో నెలకల్లా అలవాట్లు కుదురుకుంటాయి, స్నేహితులు ఏర్పడతారు. అప్పుడు మార్చుకోవడం రెట్టింపు కష్టం.

బయలుదేరే ముందు బైబిల్లో దానియేలు 1వ అధ్యాయం నెమ్మదిగా చదవండి. దానియేలు బబులోనుకు బందీగా తీసుకెళ్లిన యూదు యువకుడు. బబులోనులో అతని పేరు బెల్తెషాజరు అని మార్చారు, మూడేళ్లు కల్దీయుల విద్య, భాష నేర్పించారు. వాటికి అతను అడ్డు చెప్పినట్టు అక్కడ రాయలేదు. రాజు భోజనం దగ్గర, ద్రాక్షారసం దగ్గర మాత్రం గీత గీసుకున్నాడు. ఆ తర్వాత కూడా గొడవకు దిగలేదు. పది రోజులు శాకధాన్యాలు, నీళ్లు ఇచ్చి చూడమని మర్యాదగా అడిగాడు.

మీరూ కాగితం మీద మీ గీతలు రాసుకోండి. నాలుగు మించవద్దు. మద్యం ముట్టను, పరీక్షలో చూసి రాయను, ఆఫీసులో దొంగ బిల్లు పెట్టను, ఆదివారం ఆరాధన మానను: ఇలాంటివి. ఇరవై రాసుకుంటే వాటిలో చిన్నదేదో మొదటి వారమే తప్పుతుంది. ఎలాగూ తప్పింది కదా అని పెద్దవి కూడా వదిలేస్తారు.

ఏమని జవాబు చెప్పాలో కూడా ముందే అనుకోండి. టీమ్ పార్టీలో గ్లాసు చేతికిస్తే "నేను తాగను బ్రో, నాకో లైమ్ సోడా చెప్పు" అంటే చాలు. "ఇవాళ ఒంట్లో బాలేదు" అనకండి. అది అబద్ధం, పైగా వచ్చే శుక్రవారం మళ్లీ అడుగుతారు. మొదటి పార్టీలోనే నవ్వుతూ స్పష్టంగా చెప్పినవాళ్లను తర్వాత పెద్దగా ఎవరూ ఇబ్బంది పెట్టరు. రెండుసార్లు తాగి మూడోసారి వద్దంటేనే వంద ప్రశ్నలు.

ఆఫీసులో ఆయుధ పూజ అయి ప్రసాదం పంచుతుంటే? 1 కొరింథీ 10:27-28 చూడండి. ఎదుట పెట్టింది ఏ విచారణా చేయకుండా తినమంటాడు పౌలు. ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం తినవద్దంటాడు. "నేను తీసుకోనండి, ఏమీ అనుకోకండి" అని మెల్లగా చెప్పండి. వాళ్ల భక్తిని కించపరిచే మాట ఒక్కటి కూడా రానివ్వకండి. అలా మాట్లాడడం విశ్వాసంలో నిలబడడం కాదు, గర్వం.

ఇక వాక్యం. కొత్త చోట అత్యుత్సాహంతో ఆదికాండంతో మొదలుపెట్టి, లేవీయకాండం దగ్గర ఆగిపోయి, మళ్లీ బైబిలు తెరవనివాళ్లు చాలామంది. మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలు, రోజుకొకటి, పదహారు రోజుల్లో అయిపోతుంది. ఒకటి పూర్తిచేశామన్న ధైర్యం వస్తుంది. కొత్త నిబంధన మొత్తం 260 అధ్యాయాలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి చదివితే సరిగ్గా 52 వారాలు. శని, ఆదివారాలు తప్పిపోయినవి పూర్తి చేసుకోవడానికి మిగులుతాయి. మొత్తం బైబిలు 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో అవుతుంది గానీ, మొదటి ఏడాది ఆ భారం పెట్టుకోకపోవడమే మంచిది. ఫోన్లో కాకుండా అచ్చు బైబిల్లో చదవండి. ఫోన్లో రెండో వచనానికే వాట్సాప్ మోగుతుంది.

ప్రార్థన మంచం మీద వద్దు, నిద్ర పట్టేస్తుంది. నలుగురుండే గదిలో చోటు లేకపోతే డాబా మీద పది నిమిషాలు నడుస్తూ చేయండి. నైట్ షిఫ్టువాళ్లు తెల్లవారుజామున ప్రార్థించలేకపోతున్నామని బాధపడతారు. మీకు తెల్లారేది సాయంత్రం నిద్ర లేచినప్పుడే, అప్పుడే చేయండి. ఉపవాసం ఉండాలనుకుంటే వారానికి ఒక పూటతో మొదలుపెట్టండి, నీళ్లు మానకండి. షుగరు, బీపీ మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా చేయవద్దు.

పాపంలోకి లాగే అన్ని శోధనలతోనూ ఒకే రకంగా పోరాడాలనుకోవడం పెద్ద పొరపాటు. అపవాదిని (సాతానును) ఎదిరించమంటాడు యాకోబు (4:7). కానీ యౌవనేచ్ఛల నుంచి పారిపొమ్మంటాడు పౌలు (2 తిమోతి 2:22). యోసేపు తనను పట్టుకొని పాపానికి పిలిచిన పోతీఫరు భార్యతో వాదించుకుంటూ ఆ గదిలో నిలబడలేదు. వస్త్రం ఆమె చేతిలో వదిలేసి బయటికి పరుగెత్తాడు. ఎగతాళి, బెదిరింపు వస్తే నిలబడాలి. అశ్లీల వీడియోలు, బెట్టింగ్ యాప్‌ల దగ్గర నిలబడితే ఓడిపోతారు. యాప్ తీసేయండి, రాత్రి పదింటికి ఫోన్ మంచానికి దూరంగా చార్జింగ్‌కి పెట్టి, నిద్ర లేవడానికి వేరే అలారం గడియారం కొనుక్కోండి.

ఎక్కడున్నారో తెలుసుకోవడానికి మొదటి కీర్తన మొదటి వచనం చాలు. దుష్టుల ఆలోచన చొప్పున నడవడం, పాపుల మార్గంలో నిలవడం, అపహాసకులు కూర్చునే చోట కూర్చోవడం. నడిచేవాడు తేలిగ్గా వెనక్కి తిరగగలడు. కూర్చున్నవాడు ముందు లేవాలి. ఊళ్లోని సంఘాన్ని, పాస్టరుగారిని వెక్కిరించే మాటలకు మీరూ నవ్వుతుంటే, అప్పటికే కూర్చున్నట్టు.

సంఘాన్ని నెలలోపే ఎంచుకోండి. వచ్చేటప్పుడే మీ పాస్టరుగారితో పరిచయ ఉత్తరం రాయించుకుంటే మంచిది. మూడు ఆదివారాలు మూడు చోట్లకు వెళ్లి చూడండి, నాలుగో ఆదివారం ఒక్కదానికి కట్టుబడండి. గదికి అరగంటలో చేరగలిగేది చూసుకోండి. గంటన్నర ప్రయాణమైతే వానాకాలంలో మానేస్తారు. వాక్యాన్ని సందర్భంతో సహా వివరిస్తున్నారా, డబ్బు గురించే ఎక్కువ మాట్లాడుతున్నారా గమనించండి. చేరిన వెంటనే చాపలు పరచడమో, సండే స్కూల్లో సాయం చేయడమో, ఏదో ఒక పని తీసుకోండి. పని ఉన్నవాడు రాకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. యూట్యూబ్‌లో ఎంత గొప్ప ప్రసంగం విన్నా "పోయిన వారం రాలేదేం?" అని అడిగేవారు ఉండరు.

అబ్బాయికి ఒక అన్న, అమ్మాయికి ఒక అక్క: వారానికోసారి దాపరికం లేకుండా మాట్లాడే మనిషి ఉండాలి. పాపాలను ఒకనితోనొకడు ఒప్పుకోమని యాకోబు 5:16 చెబుతోంది. నోరు జారనివారిని ఎంచుకోండి.

ఎప్పుడైనా పడిపోతే, మూడు నాలుగు వారాలు బాగుపడి తర్వాత గుడికి వెళ్దామనుకుంటారు. ఎక్కువమందిని పోగొట్టేది పడటం కాదు, ఈ ఆలోచనే. పాపాలు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడని చెప్పే 1 యోహాను 1:9 చదివి, ఒప్పుకొని, ఆ వచ్చే ఆదివారమే వెళ్లండి. సిగ్గుగా ఉంటే వెనక వరుసలో కూర్చోండి, కానీ వెళ్లండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఫోన్లో "చర్చికి వెళ్లావా?" అని అడిగితే వెళ్లానంటారు, సంభాషణ అయిపోతుంది. "అయ్యగారు ఏ భాగం చెప్పారు? నీకేం అర్థమైంది?" అని అడగండి. ఆదివారం రాత్రి ఫోన్ పెట్టేసే ముందు ఇద్దరూ కలిసి రెండు నిమిషాలు ప్రార్థన చేసుకోండి. ఒక వారం మీరు, ఒక వారం పిల్లలు.