సిరిమాను ఫొటోలు ఎక్కడ పెట్టాలి?

విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం ఫొటోలు ఊరికి రాలేకపోయిన చుట్టాలకు పంపాలా? వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు కుదించేస్తుంది, పెద్ద ప్రింటు తీయిస్తే మసకే. పదీ ఇరవై అయితే 'డాక్యుమెంట్'గా పంపండి, అసలు ఫైలే వెళ్తుంది.

వందల్లో ఉంటే గూగుల్ ఫొటోస్ ఆల్బమే సులువు. ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిల్, డ్రైవ్ కూడా వాటాదారులే. ఫొటో 4 ఎంబీ అనుకుంటే, మిగతావి ఖాళీగా ఉన్నా 3,800 దాకే పడతాయి. నిండిందంటే మెయిళ్లు రావడమూ ఆగిపోతుంది. ఎక్కించే ముందే బ్యాకప్ క్వాలిటీ చూడండి: 'స్టోరేజ్ సేవర్'లో ఉంటే 16 మెగాపిక్సెళ్లు దాటినవి తగ్గిపోతాయి, తర్వాత 'ఒరిజినల్'కు మార్చినా పాతవి బాగుపడవు. ఫొటోలు పెట్టుకునే మరో సైటు ఫ్లికర్‌లో ఉచిత ఖాతా 1,000 ఫొటోల దగ్గరే సరి.

లింకు ఎవరి చేతిలో పడినా ఆల్బమ్ తెరుచుకోవచ్చు. పిల్లల ఫొటోలుంటే లొకేషన్ కనపడకుండా ఆపి, మెయిల్ ఐడీలతోనే పిలవండి.