అంగారకుడి మీద ఊరికి బ్యాంకు, చట్టం ఎలా రాయాలి

బెంగళూరు మారతహళ్లిలో బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. అందుకే నేను ఖాతాల నుంచే మొదలుపెడతాను.

ముందు వడ్డీకి ఏడాది ఏదో తేల్చండి. అక్కడి రోజు మనదానికన్నా దాదాపు 40 నిమిషాలు ఎక్కువ, ఏడాదేమో 687 భూమి రోజులు. 'ఏడాదికి 8 శాతం' అని ఊరికే రాస్తే కోర్టు గొడవే.

బ్యాంకు సర్వర్ అక్కడే పెట్టండి. భూమికి సందేశం చేరడానికే 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. యూపీఐలో చక్రం అర నిమిషం తిరిగితేనే మనకు టెన్షన్ కదా! పైగా సూర్యుడు అడ్డొస్తే దాదాపు రెండు వారాలు మాటలు సరిగా అందవు. అన్నాళ్లూ భూమి ఖాతాల నుంచి ఎంత వాడుకోవచ్చో ముందే పరిమితి పెట్టండి. లేదంటే ఒకే డబ్బు రెండు చోట్లా ఖర్చవుతుంది.

స్థలం పట్టాల జోలికి వెళ్లకండి. 1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం ఏ దేశమూ గ్రహాన్ని సొంతం చేసుకోకూడదు. తాకట్టు భవనం మీద రాయండి, నేల మీద కాదు.

అన్నిటికన్నా నాకు ముఖ్యం గాలి. అప్పు కట్టలేదని ఆక్సిజన్ ఆపే అధికారం బ్యాంకుకే కాదు, ఎవరికీ ఉండకూడదు. రాజ్యాంగంలో మొదటి నిబంధన అదే కావాలి. గాలి యంత్రాలు నడిపేవాళ్ల చేతికే ఖజానా తాళాలు కూడా ఇవ్వకండి.