బెంగళూరుకి జాబ్ వెతుక్కోడానికి వెళ్తున్నారా, బస్సెక్కే ముందు ఇది చదవండి

మొన్న మళ్ళీ ఒక కన్సల్టెన్సీ బోర్డు తిప్పేసింది. ట్రైనింగ్ ఇచ్చి జాబ్ ఇప్పిస్తాం అని తలా లక్షన్నర, రెండు లక్షలు తీసుకున్నారంట, పొద్దున్నే పిల్లలు వెళ్ళి చూస్తే ఆఫీసుకి తాళం. బీటెక్ రిజల్ట్స్ వచ్చి బ్యాచులకి బ్యాచులు బెంగళూరులో మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్ వైపు బయల్దేరే టైం కదా, అందుకే రాస్తున్నా. పర్సు జాగ్రత్త, ఫోన్ జాగ్రత్త లాంటివి ఇంట్లో ఎలాగూ చెప్తారు, అవి వదిలేస్తున్నా.

జాబ్ కోసం ఎవరికీ డబ్బు కట్టొద్దు. నేను చూసినంతలో బెంగళూరులో మన పిల్లల్ని ముంచింది ఖర్చులు కాదు, ఇదే. బ్యాక్‌డోర్ (దొడ్డిదారిన జాబ్) అంటారు, రీఫండబుల్ డిపాజిట్ అంటారు, లాప్‌టాప్ సెక్యూరిటీ అంటారు, ఏ పేరు పెట్టినా జీతం ఇవ్వాల్సిన కంపెనీ మీ దగ్గర ఎదురు డబ్బు అడగదు. ఇది అందరికీ తెలుసు, తెలిసీ కడతారు. ఎందుకంటే వెళ్ళిన కొత్తలో ఎవరూ పడరు, రెండు మూడు నెలలు గడిచి ఇంటర్వ్యూ కాల్స్ తగ్గి, తెచ్చుకున్న డబ్బులైపోయి, ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తడానికి భయమేసే టైంలో పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్‌లో) ఒక అన్న తగుల్తాడు, మన జిల్లానే, మన యాసే, నాకు లోపల హెచ్‌ఆర్ తెలుసు తమ్ముడూ అంటాడు. అక్కడ పడతారు. ఊరోడైనా సరే, కట్టొద్దు.

ఇంకో రకం ఉంది, ఇది ఇంకా డేంజర్. ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు జాబ్ వచ్చాకే ఫీజు కట్టు అంటారు, ఆధార్, పాన్ తీసుకుని ఓటీపీ చెప్పమంటారు. అది మీ పేరు మీద లోన్. ఇన్‌స్టిట్యూట్ మూసేసినా ఈఎంఐ ఆగదు, ఎందుకంటే అప్పు ఇచ్చింది ఫైనాన్స్ కంపెనీ, మీరు బాకీ దానికి, కట్టకపోతే జాబ్ రాకముందే సిబిల్ (అప్పులు సరిగ్గా కడతారా లేదా అని చూపించే స్కోరు) పోతుంది.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టొద్దు. వెరిఫికేషన్‌లో పీఎఫ్ హిస్టరీ అడుగుతారు, మూడేళ్ళు పనిచేశానని చెప్పి ఒక్క నెల పీఎఫ్ కూడా లేకపోతే దొరికిపోతారు, జాయిన్ అయ్యాక దొరికినా పంపించేస్తారు.

ఇక ఉండటం సంగతి. జాబ్ రాకముందు ఇల్లు తీసుకోవద్దు, పీజీలోనే ఉండండి. అక్కడ ఇంటి అడ్వాన్స్ అంటే ఒకప్పుడు పది నెలల అద్దె, ఇప్పుడు చాలాచోట్ల ఐదారు నెలలు అడుగుతున్నారు, అంటే 20 వేల అద్దెకి లక్ష పైనే ఇరుక్కుపోతుంది, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఒక నెల అద్దె కోత. పీజీలో కూడా డిపాజిట్‌లో ఎంత పట్టుకుంటారో, ఎన్ని రోజుల ముందు చెప్పాలో వాట్సాప్‌లో రాయించుకోండి, నోటి మాట నమ్మొద్దు.

రూమ్ చూడకుండా టోకెన్ అమౌంట్ పంపొద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదలొద్దు, చూపించి వెనక్కి తెచ్చుకోండి, కన్సల్టెన్సీ వాళ్ళకైతే చూపించడం కూడా అనవసరం. ఆఫర్ లెటర్ జీమెయిల్ నుంచి వస్తే డిలీట్ చేయండి. బాండ్ పేపర్ మీద చదవకుండా సంతకం వద్దు. మీ బ్యాంక్ అకౌంట్ ఎవరికీ వాడుకోడానికి ఇవ్వొద్దు, కమిషన్ ఇస్తామన్నా సరే, కేసు మీ మీదకొస్తుంది. వెనక్కి రావడానికి బస్సు డబ్బులు విడిగా ఉంచండి. మళ్ళీ చెప్తున్నా, జాబ్‌కి డబ్బు కట్టొద్దు. ఆల్రెడీ ఆన్‌లైన్‌లో పంపేశారా, ఇంట్లో తిడతారని దాచకుండా ఇప్పుడే 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) కాల్ చేయండి, ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు ఆపడం కష్టం.