జనరల్ మేనేజర్ రికార్డు మీద వాదనకు దిగేముందు

అక్టోబర్‌లో న్యూజెర్సీలో మా బావ వాళ్ళింటికి వెళ్తే ఒకటే గోల: "క్యాష్‌మన్‌ని పీకేయాలి!" బ్రయన్ క్యాష్‌మన్ 1998 ఫిబ్రవరి నుంచి న్యూయార్క్ యాంకీస్ అనే బేస్‌బాల్ జట్టుకి జనరల్ మేనేజర్. ఆయన హయాంలో నాలుగు వరల్డ్ సిరీస్‌లు, అంటే సీజన్ చివరి ఫైనల్ కప్పులు (1998, 1999, 2000, 2009) గెలిచారు, అయినా ఆయన్ని పొగిడే అభిమాని దొరకడం కష్టం. నేను బావతో చాలాసార్లు వాదించి ఓడిపోయాను, ఎందుకంటే బావ గొంతు పెద్దది. ఆ తర్వాతే కాస్త లెక్కగా వాదించడం నేర్చుకున్నాను, అదే ఇక్కడ రాస్తున్నా.

మొదట ఎవరి పని ఏంటో విడదీయండి. బేస్‌బాల్‌లో మేనేజర్ అంటే మన క్రికెట్ కోచ్ లాంటివాడు, ఏడో ఇన్నింగ్స్‌లో పిచర్‌ని, అంటే బంతి విసిరేవాణ్ణి, మార్చేది ఆయన. జనరల్ మేనేజర్ పని జట్టును కూర్చడం: ఎవర్ని కొనాలి, ఎవర్ని ఇచ్చి ఎవర్ని తెచ్చుకోవాలి, ఎవర్ని వదిలేయాలి. పిచర్‌ని ఆలస్యంగా మార్చారని క్యాష్‌మన్‌ని తిడితే అవతలివాడికి మీరే పాయింట్ ఇచ్చినట్టు.

తర్వాత, ఆయన కుర్చీలో కూర్చునేనాటికి ఇంట్లో ఏముందో చూడండి. జీటర్, రివెరా, పొసాడా, పెటిట్, ఈ నలుగురు పెద్ద ఆటగాళ్ళూ క్యాష్‌మన్ జనరల్ మేనేజర్ కాకముందే యాంకీస్ చేతిలో ఉన్నారు. 1998లో 114 మ్యాచ్‌లు గెలిచిన జట్టుకు పునాది వేసింది ముందువాళ్ళు. ఆ కప్పు మొత్తం ఈయన ఖాతాలో వేస్తే అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే. 2009 కప్పు సంగతి వేరు. అంతకుముందు చలికాలంలో సబాథియా, బర్నెట్, టెషేరా ముగ్గురికీ కలిపి 42 కోట్ల డాలర్లు దాటి ఒప్పందాలు రాశారు, వెంటనే కప్పు వచ్చింది. అది కచ్చితంగా ఆయనదే. డబ్బుంటే ఎవడైనా కొంటాడు అంటారు, నిజమే, కానీ డబ్బు పెట్టి తప్పుడు మనిషిని కొనే జట్లు కూడా బోలెడు.

యజమాని మాటేంటో కూడా కనుక్కోండి. 2011 జనవరిలో రఫాయెల్ సొరియానో అనే పిచర్‌కి మూడేళ్ళకు 3.5 కోట్ల డాలర్లు ఇచ్చినప్పుడు, ఇది నా సిఫారసు కాదని క్యాష్‌మన్ బాహాటంగానే చెప్పేశాడు, నిర్ణయం పైవాళ్ళది. తమాషా ఏంటంటే 2012లో రివెరా మోకాలు దెబ్బతిని సీజన్‌కి దూరమైతే ఆ సొరియానోనే 42 సేవ్‌లు (చివర్లో దిగి ఆధిక్యం కాపాడి మ్యాచ్ ముగించడం) చేసి జట్టుని నిలబెట్టాడు. ఇప్పుడు ఆ మార్కు ఎవరికి వేస్తారు? నేనైతే క్యాష్‌మన్‌కి వేయను, మైనస్ కూడా వేయను.

అన్నిటికన్నా ముఖ్యం, ఒక్కో బదిలీకి విడిగా తీర్పు చెప్పకండి, దాని తీగ ఎక్కడిదాకా పాకిందో చూడండి. 2008 నవంబర్‌లో నిక్ స్విషర్ వైట్ సాక్స్ నుంచి యాంకీస్‌కి వచ్చాడు. 2012 తర్వాత అతను క్లీవ్‌లాండ్ వెళ్ళిపోతే పరిహారంగా యాంకీస్‌కి 2013 డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) 32వ ఎంపిక దక్కింది. దాంతో తీసుకున్న కుర్రాడు తర్వాత జట్టుకి పెద్ద స్టార్ అయిన ఆరన్ జడ్జ్! ఇది చెప్పగానే క్యాష్‌మన్ అభిమానులు కాలర్ ఎగరేస్తారు. ఆగండి, అదే డ్రాఫ్ట్‌లో జడ్జ్ కన్నా ముందు 26వ ఎంపికగా యాంకీస్ తీసుకున్నది ఎరిక్ జగీలో అనే ఆటగాణ్ణి, అతను మేజర్ లీగ్ (అమెరికా బేస్‌బాల్‌లో పై స్థాయి) గడప తొక్కలేదు. ఆ మధ్యలో ఇంకో జట్టు జడ్జ్‌ని ఎగరేసుకుపోయి ఉంటే? ఇంతకీ జగీలో కూడా ఉత్తినే పోలేదు, 2015 చివర్లో అరోల్డిస్ చాప్‌మన్ అనే పిచర్ కోసం సిన్సినాటికి ఇచ్చినవాళ్ళలో అతనొకడు. చాప్‌మన్‌ని 2016 జులైలో చికాగో కబ్స్ జట్టుకి పంపి గ్లేబర్ టోరెస్ అనే కుర్రాణ్ణి తెచ్చారు, కబ్స్ 108 ఏళ్ళ తర్వాత కప్పు కొట్టింది, ఆ డిసెంబర్‌లోనే చాప్‌మన్ 8.6 కోట్ల డాలర్లకి తిరిగి యాంకీస్ గూటికొచ్చాడు. కాగితం మీద అద్భుతం. అయితే గృహహింస ఆరోపణల దర్యాప్తు నడుస్తోంది కాబట్టే చాప్‌మన్ మొదట చవగ్గా దొరికాడని, తర్వాత 30 మ్యాచ్‌ల నిషేధం కూడా పడిందని మర్చిపోకండి. నా మటుకు నేను ఆ బదిలీని గొప్పల చిట్టాలో రాసుకోను.

చెత్త ఒప్పందాల దగ్గర బావ రెచ్చిపోతాడు: జకోబీ ఎల్స్‌బరీ, 2013 డిసెంబర్, ఏడేళ్ళకు 15.3 కోట్ల డాలర్లు, 2017 తర్వాత ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. దీనికి సమాధానం లేదు, తప్పు ఒప్పుకుని ముందుకెళ్ళండి. ఒప్పుకున్నాక మాత్రం ఇది అడగండి: అదే చలికాలంలో రాబిన్సన్ కనో పదేళ్ళకు 24 కోట్లు ఇస్తానన్న సియాటిల్‌కి వెళ్తుంటే యాంకీస్ ఆపలేదు కదా, తర్వాత నిషేధిత మందులతో రెండుసార్లు సస్పెండ్ అయ్యాడు కదా? చేయని సంతకాలు కూడా రికార్డే.

1992 తర్వాత 2025 దాకా యాంకీస్ ఒక్క సీజన్‌లో కూడా గెలుపుల కన్నా ఓటములు ఎక్కువ మూటగట్టుకోలేదు. ఈ లెక్క చెప్తే అవతలివాళ్ళు టాంపా బే రేస్ అనే ఇంకో జట్టు పేరెత్తుతారు, ఎత్తాలి కూడా, వాళ్ళు ఎంతో తక్కువ జీతాలతో జట్టును నడిపి 2020 ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ సిరీస్‌లు) యాంకీస్‌ని ఇంటికి పంపారు. ఇక్కడ నేను బావ పక్షమే. అంత డబ్బున్న జట్టుకి 2009 తర్వాత కప్పు లేకపోతే దాన్ని దురదృష్టం అని సరిపెట్టలేం.

చివరగా, బదిలీ జరిగిన రోజే మీ అభిప్రాయం తేదీ వేసి రాసి పెట్టుకోండి, లేకపోతే రెండేళ్ళ తర్వాత ప్రతివాడూ "నేను అప్పుడే చెప్పా" అంటాడు. 2023 డిసెంబర్‌లో మైకేల్ కింగ్‌తో కలిపి ఐదుగుర్ని ఇచ్చి హువాన్ సోటోనీ, అతనితో పాటు ట్రెంట్ గ్రిషమ్‌నీ తెచ్చినప్పుడు నేను కూడా రాశాను. సోటో ఒక్క ఏడాది ఆడి, జట్టుని వరల్డ్ సిరీస్ దాకా తీసుకెళ్ళి, 76.5 కోట్ల డాలర్లకి న్యూయార్క్‌లోనే ఉన్న మెట్స్ జట్టుకి వెళ్ళిపోయాడు. గ్రిషమ్ 2025లో 34 హోమ్ రన్స్ (క్రికెట్ సిక్సర్ లాంటివి) కొట్టాడు. నా నోట్‌లో గ్రిషమ్ పేరు పక్కన "బెంచీకి" అని ఉంది, బావకి ఇంకా చూపించలేదు.