ఉప్పునీటి అక్వేరియంలో ఇసుక మార్చేటప్పుడు వచ్చే తిప్పలు

ఇసుక కదిపితే కుళ్లిన కోడిగుడ్డు వాసన
కారణం: ఆక్సిజన్ అందని అడుగు పొరల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ తయారైంది. అక్కడ ఇసుక నల్లగా కనిపిస్తుంది. చేపలకు అది విషం.
పరిష్కారం: చేత్తో కెలకొద్దు. నీళ్లు మార్చేటప్పుడు లావుపాటి గొట్టంతో ఇసుకను కూడా బకెట్లోకి లాగేయండి. వాసన అప్పటికే వచ్చేస్తే ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) పెట్టి, ఫిల్టర్‌లో కొత్త యాక్టివేటెడ్ కార్బన్ వేయండి.

రెండు మూడు రోజులకు చేపలు పైకొచ్చి గబగబా ఊపిరి తీస్తున్నాయి
కారణం: దాదాపు ఎప్పుడూ అమ్మోనియానే. పాత ఇసుకతో పాటు దాన్ని పట్టుకుని ఉన్న మంచి బ్యాక్టీరియా కూడా పోయింది, పైగా అడుగున పేరుకున్న మలినం నీళ్లలో కలిసింది. ఉప్పునీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది కాబట్టి, మంచినీటి ట్యాంకులో కంటే ఇక్కడ అమ్మోనియా ఎక్కువ విషం. నేను మొదటిసారి ఒకే ఆదివారం మొత్తం మార్చేశాను. బుధవారం దాకా టెన్షనే.
పరిష్కారం: టెస్ట్ కిట్‌లో అమ్మోనియా కొంచెం కనిపించినా అదే రోజు 25–30 శాతం నీళ్లు మార్చండి. కొత్త ఉప్పునీటి సాంద్రత (స్పెసిఫిక్ గ్రావిటీ 1.025 దగ్గర), వేడి రెండూ ట్యాంకు నీటితో సమానంగా ఉండాలి. మేత తగ్గించండి. లైవ్ రాక్‌ను (బ్యాక్టీరియా పట్టి ఉన్న సముద్రపు రాయి) కుళాయి నీళ్లతో కడగొద్దు, మిగిలిన బ్యాక్టీరియా ఉన్నది దాని మీదే.
అసలు ఈ గొడవే వద్దనుకుంటే ఒకసారికి పావు వంతు ఇసుకే తీయండి. రెండు వారాలు ఆగి, అమ్మోనియా సున్నా ఉంటేనే తర్వాతి పావు.

నీళ్లు పాలలా తెల్లబడ్డాయి
కారణం: కొత్త ఇసుకలోని సన్నటి దుమ్ము.
పరిష్కారం: పొడి ఇసుకను బియ్యం కడిగినట్టు నీళ్లు తేటపడేదాకా కడిగి, పీవీసీ గొట్టం గుండా అడుగుకు జార్చండి. ఇప్పటికే తెల్లబడితే ఫిల్టర్‌లో దూది మార్చుతూ ఉండండి. పగడాల మీద పడిన ఇసుకను పెద్ద సిరంజితో ఊదేయండి. బ్యాక్టీరియాతో తడిగా ప్యాక్ చేసి అమ్మే లైవ్ సాండ్‌ను మాత్రం కడగొద్దు.

కొత్త ఇసుక మీద గోధుమరంగు పొర
డయాటమ్‌లు, అంటే కంటికి కనబడనంత చిన్న నాచు. కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి. పోకపోతే ఆర్‌ఓ ఫిల్టర్ చూసుకోండి, అది సరిగా పనిచేయకపోతే నీళ్లలో వాటికి మేతైన సిలికా మిగిలిపోతుంది.

గాజు మీద గీతలు
కారణం: బీచ్ ఇసుక. విశాఖ, భీమిలి ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ లాంటి ఖనిజాలుంటాయి. నల్లరేణువులు గాజు తుడిచే అయస్కాంతానికి అంటుకుని గీకేస్తాయి.
పరిష్కారం: అరగోనైట్ (ఒక రకం కాల్షియం కార్బొనేట్) ఇసుకే కొనండి. అనుమానముంటే చిటికెడు ఇసుక మీద వెనిగర్ చుక్క వేయండి, బుసబుసా పొంగితే కాల్షియం కార్బొనేట్ ఉన్నట్టే. గవ్వ ముక్కలు కలిసినా పొంగుతుంది, కాబట్టి ఒక అయస్కాంతం కూడా తిప్పి చూడండి.